స్వయంగా చూశాను

ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. వీలునామాల మీదా, ట్రస్టు పత్రాల మీదా సాక్షి సంతకాలు పెట్టీ పెట్టీ ఆయన పేరే సాక్షిగారైపోయింది. వయసు మళ్ళినవాళ్ళ ఆస్తుల్ని వాళ్ళ తరఫున చూసిపెట్టే కంపెనీ అది. ఇల్లూ, అద్దెలూ, డిపాజిట్లూ అన్నీ ఒక ట్రస్టు కింద పెట్టించి, బతికున్నన్నాళ్ళూ ఆ పెద్దవాళ్ళకి లోటు రాకుండా, పోయాక వాళ్ళు రాసుకున్నట్టే పంపకం జరిగేలా చూడటం కంపెనీ పని. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ కుర్చీలోనే అరిగిపోయిన సాక్షిగారికి రిటైర్మెంటు ఇంకా మూడు నెలలుంది.

ఆయన పనుల్లో ఏడాదికోసారి చేసేది ఒకటుంది. ట్రస్టు పెట్టుకున్న ప్రతి మనిషి ఇంటికీ వెళ్ళాలి. ఆ మనిషిని చూడాలి, మూడు ప్రశ్నలడగాలి. తర్వాత ఒక కాగితం మీద 'స్వయంగా చూశాను, జీవించి ఉన్నారు' అన్న వాక్యం కింద సంతకం పెట్టాలి. ఆ సంతకం పడితేనే ఇంకో ఏడాది నెలనెలా డబ్బు కదులుతుంది. ప్రశ్నలకి ముందు వాళ్ళ చెయ్యి పట్టుకుని మనసులో పది దాకా లెక్కపెట్టడం మాత్రం ఎవరూ చెప్పింది కాదు, ఆయన సొంత అలవాటు. నోరు అబద్ధం చెబుతుంది కానీ చెయ్యి చెప్పదు అని కొత్తగా చేరినవాళ్ళకి పాఠాలు కూడా చెప్పేవాడు. పాఠాలు చెప్పడంలో ఆయన ఎప్పుడూ ముందే ఉండేవాడు.

ఇక కళ్ళద్దాలమ్మ సంగతి. నలభై ఏళ్ళు సొంత మేడ కింద కళ్ళద్దాల షాపు నడిపిన మనిషి ఆవిడ. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. అన్నగారి కొడుకు, ఆ మేనల్లుడి పెళ్ళాం వచ్చి మేడ మీద ఆవిడతోపాటే ఉంటున్నారు. ఆరేళ్ళ కిందట ట్రస్టు రాయించుకోవడానికి వచ్చినప్పుడు ఆవిడ ఉద్దేశం సూటిగానే ఉంది. తన తర్వాత సగం మేనల్లుడికి, సగం చూపు లేని పిల్లల బడికి.

సాక్షిగారే కలగజేసుకున్నాడు. "అమ్మగారూ, సగం ఇస్తానని రాస్తే మీరెప్పుడు పోతారా అని వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. నా మాట వినండి. మీరు బతికున్నంత కాలం నెలనెలా వాళ్ళకింత అని రాద్దాం. మీరు పోయిన రోజున అది ఆగిపోతుంది, ఆస్తంతా బడికి వెళ్ళిపోతుంది. అప్పుడు చూడండి, మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంటారు."

ఆ షరతు చూసి కంపెనీ మురిసిపోయింది. తర్వాత ఇంకో పదకొండు మంది చేత ఆయన అదే రాయించాడు.

కళ్ళద్దాలమ్మ మాత్రం కాగితం అటూ ఇటూ తిప్పి, "బాగానే ఉందయ్యా. మరి నేను పోయినట్టు ఎవరు చెప్తారు? వాళ్ళు చెప్పరుగా?" అంది.

"నేను చెప్పాలి కదండీ. నా సంతకం పడుతున్నన్నాళ్ళూ మీరెక్కడికీ పోలేరు" అన్నాడాయన, పెన్ను మూత బిగిస్తూ. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ చెయ్యి చాచి ఆయన ముక్కు మీంచి కళ్ళజోడు లాగి, వంకరపోయిన ఫ్రేమును రెండు వేళ్ళతో సరిచేసి, చీర కొంగుతో అద్దాలు తుడిచి మళ్ళీ పెట్టింది. "ఈ అద్దాలతో నువ్వు సగం చూస్తున్నావు, సగం ఊహించుకుంటున్నావు. మార్చుకో" అని కూడా అంది. ఆయన మార్చుకోలేదు.

మొదట్లో ఏటా తప్పకుండా వెళ్ళొచ్చాడు. తర్వాత మోకాళ్ళు మొరాయించాయి. రెండేళ్ళ కిందట ఏడాది సంతకానికి ఆఖరి గడువు రోజున మేనల్లుడే కాగితం పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. అత్తయ్యకి జలుబు చేసింది, పడుకుంది, ఆ మెట్లెక్కి మీకెందుకు సార్ శ్రమ అన్నాడు. పోతూ పోతూ బరువైన పెన్నొకటి, డబ్బాతో సహా, బల్ల మీద మర్చిపోయినట్టు వదిలేసి పోయాడు. సాక్షిగారు టీ తాగుతూ ఆ పెన్నుతోనే సంతకం పెట్టాడు. మరుసటి ఏడూ అంతే. ఆ పెన్ను ఇంకు కక్కి కుడి చూపుడువేలి గోటి అంచున నీలం మరక పడింది. ఎంత రుద్దినా పోలేదు.

ఈసారి కొత్త మేనేజరు వచ్చాడు. సంతకంతో పాటు మనిషి ఫొటో కూడా ఉండాలన్నాడు, అది మీ ఫోన్లోనే, మీరే తీయాలన్నాడు. కళ్ళద్దాలమ్మ కాగితానికి ఆ రోజే ఆఖరు గడువు. సాక్షిగారు గొణుక్కుంటూ బయల్దేరాడు.

నాలుగు గంటలైంది. మబ్బు పట్టి వీధి అంతా బూడిద రంగులో ఉంది. కింద షాపు షట్టరు సగం దాకా దించి ఉంది. లోపల గోడకి ఆ పాత అక్షరాల అట్ట ఇంకా వేలాడుతోంది, పైన పెద్ద అక్షరం, కిందకి పోయేకొద్దీ చీమ తలకాయంత. ఖాళీ ఫ్రేములు దుమ్ము కొట్టుకుపోయి వరసగా నిలబడి ఉన్నాయి. ఆయన పక్కనున్న మెట్ల మీద చెయ్యి ఆన్చి ఎక్కడం మొదలుపెట్టాడు.

మూడో మెట్టు దగ్గర వాసన తగిలింది. ముందు ఫినాయిలు. తర్వాత బట్టల పెట్టెలో వేసే నాఫ్తలీన్ ఉండలు. దాని మీద పౌడరు వాసన, డబ్బా మొత్తం ఒలకబోసినట్టు. ఈ మూడింటి అడుగున ఇంకోటి ఉంది. పది రోజులుగా నీళ్ళు మార్చని పూలకూజా వంచినప్పుడు వస్తుందే, అలాంటిది. పైకి వెళ్ళేకొద్దీ అది గొంతులోకి దిగింది. నోట్లో నీళ్ళూరి, రుమాలు తీసుకుని ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

తలుపు తీసిన మేనల్లుడు ఆయన్ని చూసి తలుపు మళ్ళీ సగం మూయబోయాడు. అప్పుడే స్నానం చేసినట్టు నున్నగా దువ్విన తల, దిట్టంగా పెరిగిన పొట్ట. వెనకాల అతని పెళ్ళాం.

"ఫోన్ చేసి వస్తే బాగుండేది కదండీ" అంది ఆమె. "కాస్త తయారుచేసి ఉంచేవాళ్ళం."

"తయారుచేయడమేమిటమ్మా?"

"అదే… తల దువ్వీ అదీ."

హాల్లో కొత్త సోఫా, మీద ప్లాస్టిక్కు కవరు ఇంకా తీయలేదు. కొత్త ఫ్రిజ్జు, గోడంత టీవీ. ఇంత వాసనలో ఈ ఇద్దరూ తిని, పడుకుని, టీవీ చూస్తున్నారు. మేనల్లుడు టీ తాగమన్నాడు. కప్పు అంచున పౌడరు పొడి తెల్లగా అంటుకుని ఉంది. ఆయన ముట్టుకోలేదు.

గోడ వార చీమల బారు కనిపించింది. వెనక గది తలుపు కింద నుంచి వస్తోంది. ప్రతి చీమా తెల్లటి పొలుసొకటి మోసుకుపోతోంది. పౌడరు ఉండలేమో అనుకున్నాడు. వంగి చూద్దామనిపించింది. చూడలేదు.

"అమ్మగారిని చూసి వెళ్ళిపోతాను" అన్నాడు.

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత మేనల్లుడే వెళ్ళి తలుపు తోశాడు.

గదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. కిటికీ వైపు తిప్పిన కుర్చీలో ఆవిడ కూర్చుంది. మెడ దాకా శాలువా, కళ్ళకి నల్ల అద్దాలు. మొహం నిండా పౌడరు, గోడకి సున్నం వేసినంత మందంగా. చేతులకి ఉన్ని మేజోళ్ళు తొడిగారు. చేతులకి. అది చూసి ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ముట్టుకోకండి. చర్మం బాగా పల్చబడిపోయింది" అంది మేనల్లుడి పెళ్ళాం గబుక్కున.

కానీ ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు. ఆయన కుర్చీ పక్కన స్టూలు మీద కూలబడి, మేజోడు లాగేసి, ఆవిడ కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. చల్లగా ఉంది. ముసలివాళ్ళ చేతులు చల్లగానే ఉంటాయి, అది ఆయన ఎరగనిది కాదు. లెక్క మొదలుపెట్టాడు.

ఒకటి. రెండు. మూడు…

నాలుగు దగ్గర తెలిసింది. ఆయన వేళ్ళు ఎటు జరిగితే ఆ చర్మం కూడా అటు జరుగుతోంది. లోపలి ఎముక మాత్రం ఉన్నచోటే ఉంది. తడిసిన సంచిలో చెయ్యి పెట్టినట్టుంది.

అయిదు. ఆరు… చెయ్యి వదిలేయాలి. వదలలేకపోతున్నాడు.

ఏడు దగ్గర ఏదో చిన్నగా ఊడింది. చప్పుడు లేదు, నెత్తురు లేదు. ఆయన అరచేతికి గోరొకటి అంటుకుంది…

ఆ గోరు కింద రాలిపోకుండా రుమాల్లో ఎందుకు పెట్టుకున్నాడో ఆయనకే తెలీదు. బహుశా వాళ్ళకి కనిపించకూడదనుకున్నాడు.

"పది అయ్యాయా?" అంది కళ్ళద్దాలమ్మ.

పెదాలు కదిలాయి. రొమ్ము కదల్లేదు. గాలి పీల్చకుండా మాట్లాడితే గొంతు ఎలా ఉంటుందో ఆయన అప్పుడే విన్నాడు. కాగితం నలిపిన చప్పుడులా ఉంది.

సాక్షిగారి నోరు మాత్రం దాని అలవాటు ప్రకారం అది ప్రశ్నలు అడిగేసింది.

"ఇది… ఏ సంవత్సరం అమ్మగారూ?"

ఆవిడ రెండేళ్ళ కిందటి సంవత్సరం చెప్పింది.

"నేనెవరో గుర్తుపట్టారా?"

"సంతకం పెట్టేవాడివి."

"మీకు… ఏమైనా కావాలా?"

"పోవాలయ్యా."

ఆయన ఫోన్ తీశాడు. ఫొటో తీసుకుని బయటపడితే చాలు. తెర మీద పసుప్పచ్చ గడి ఒకటి వచ్చి మొహం కోసం వెతికింది. కర్టెన్ మీద ఆగింది. కుర్చీ చెయ్యి మీద ఆగింది. ఆవిడ మొహం మీదుగా రెండుసార్లు పోయింది. ఆగలేదు.

"అది మాకూ పట్టదండీ" అన్నాడు మేనల్లుడు వెనక నుంచి, టీవీ రిమోటు పాడైందన్నట్టు.

ఇక దాచడం ఎందుకనుకున్నాడో ఏమో, అతను గుమ్మానికి ఆనుకుని అంతా చెప్పేశాడు. సిగ్గూ లేదు, భయమూ లేదు. అదే సాక్షిగారికి అన్నిటికన్నా అసహ్యమనిపించింది.

"జలుబని మీకు చెప్పానే, ఆ రోజు పొద్దున్నే పోయింది సార్. చల్లబడిపోయింది. డాక్టరుకి ఫోన్ చేద్దామంటే, మీ కాగితానికి ఇవాళే గడువు, సంతకం అయ్యాక చేద్దాంలే అంది మా ఆవిడ. సరే అని మీ దగ్గరికొచ్చా. మీరు పెట్టారు. ఇంటికొచ్చి చూస్తే లేచి కూర్చునుంది. మొదట్లో మేమూ హడలిపోయాం. వారం రోజులు మా బావమరిది ఇంట్లో పడుకున్నాం."

"తర్వాత?"

"అలవాటైపోయింది. పోయినేడు మీ సంతకం రెండు రోజులు ఆలస్యమైంది చూడండి, ఆ రెండు రోజులూ కూలబడిపోయింది. మీరు పెట్టగానే మళ్ళీ లేచింది. అప్పుడర్థమైంది, అంతా మీ చేతిలోనే ఉందని."

"పెద్ద పనేం ఉండదండీ" అంది పెళ్ళాం. "తినరు, తాగరు. వారానికోసారి తుడిచి పౌడరేస్తే చాలు. వానాకాలం మాత్రం కొంచెం కష్టం."

సాక్షిగారు వాళ్ళని తిట్టాలనుకున్నాడు. ఏమని తిడతాడు? ఆ షరతు రాసింది ఎవరు? టీ తాగుతూ సంతకం పెట్టింది ఎవరు? వాళ్ళ మీద పుట్టిన రోతంతా తిరిగి తిరిగి ఆయన మీదకే వచ్చి కూర్చుంది.

"నేను పెట్టను" అన్నాడు చివరికి.

"పెట్టకపోతే ఐదున్నరకి గడువైపోతుంది, కూలబడిపోతుంది" అన్నాడు మేనల్లుడు శాంతంగా. "అప్పుడు డాక్టరొస్తాడు. ఎన్నాళ్ళయిందో చూడగానే చెప్పేస్తాడు. ఆ మధ్యలో 'స్వయంగా చూశాను' అని రెండుసార్లు రాసింది మీరు. మాతోపాటు మీరూ లోపలికే. రిటైర్మెంటు దగ్గర్లోనే ఉందటగా?"

మూడు నెలలు. అప్పటికొచ్చే మొత్తంతో ఫ్లాటు అప్పు తీర్చి, పెళ్ళాన్ని ఆ ఎత్తు మెట్ల అద్దె ఇంట్లోంచి తీసుకెళ్తానని ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాడాయన. ఇప్పుడు నిజం రాస్తే ఉద్యోగం పోతుంది, డబ్బు పోతుంది, ఈ వయసులో జైలు. బతికే ఉన్నారని సంతకం పెడితే ఆవిడ ఇంకో ఏడాది ఈ కుర్చీలో, ఇలా.

ఆవిడ తల చాలా మెల్లిగా ఇటు తిరిగింది. మెడ దగ్గర పౌడరు పెచ్చు రాలి శాలువా మీద పడింది. చీమలు రెండు దాని దగ్గరికి వచ్చాయి.

"వాళ్ళని బయటికి పంపు" అంది.

వాళ్ళు వెళ్ళారు. తలుపు మాత్రం పూర్తిగా వేయలేదు.

"తేదీ సరిగ్గా రాయి నాయనా" అంది కళ్ళద్దాలమ్మ గుసగుసగా. "గురువారం. మార్చి పదకొండు. పొద్దున ఆరున్నర. పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు వినపడుతోంది నాకు. లేచి కట్టేద్దామనుకున్నా. అంతే… ఎంత హాయిగా ఉందో. అప్పుడు నువ్వు లాగావు."

"అమ్మగారూ… నాకు తెలీదు…"

"చూశానని రాశావు."

ఆయన ఇందాక లాగేసిన మేజోడుని మడతపెట్టసాగాడు.

"పోయాక కూడా ఇలా కూర్చుంటే అన్నీ తెలుస్తాయయ్యా. చీమ నోరు తెరిచినా తెలుస్తుంది. ఆ తేదీ రాయి. పుణ్యముంటుంది."

సాక్షిగారు ఫైలు ఒళ్ళో పెట్టుకుని, కాగితం తీసి, వెనక్కి తిప్పాడు. ఏడాది తనిఖీకి వెళ్ళినప్పుడు మనిషి లేరని తెలిస్తే నింపాల్సింది అక్కడుంటుంది. 'మరణించిన తేదీ, సమయం'. పెన్ను తీశాడు. అదే పెన్ను. గురువారం అని రాయడానికి చెయ్యి కదిలింది కూడా.

కానీ ముప్ఫై ఒక్క ఏళ్ళు కాగితాల మధ్య బతికిన బుర్ర అది. కాగితం ఏం చెబితే ఇక్కడ అదే జరుగుతోంది కదా అనుకుంది. బతికుంది అని రాస్తే బతికుంది. మరి ఇవాళే పోయింది అని రాస్తే? ఆవిడకి విడుదల దొరుకుతుంది. పాత సంతకాలు రెండూ నిజమైపోతాయి. మేనల్లుడు నోరెత్తలేడు. బడి పిల్లలకి ఆస్తి వెళుతుంది. ఎవరికీ నష్టం లేదు. ఆ ఉపాయం తట్టగానే, ఆ గదిలో, ఆ వాసనలో, ఆయనకి ప్రాణం లేచొచ్చింది. అందుకు తనని చూసి తనకే కంపరమెత్తింది. అయినా రాశాడు.

ఆ రోజు తేదీ. సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలు. నా సమక్షంలో.

"ఏం రాశావు?" అంది ఆవిడ.

ఆయన రాసినదాని మీద అరచెయ్యి కప్పాడు.

"ఇవాళ్టిది రాశావు." నల్ల అద్దాలు ఆయన వైపే ఉన్నాయి. "మరి ఆ రెండేళ్ళూ?"

"అమ్మగారూ, మీరు వెళ్ళిపోతారు. అదే కదా మీకు కావలసింది…"

"నేను వెళ్తాను. నావి కాని రెండేళ్ళు నాతో ఎలా వస్తాయి? అవి ఎవరికిస్తావు?"

సాక్షిగారు సంతకం పెట్టేశాడు.

కాగితం నలిపినట్టు చిన్న చప్పుడు. ఆవిడ తల పక్కకి వాలింది. నల్ల అద్దాలు జారి ఒళ్ళో పడ్డాయి. చూడకూడదనుకుంటూనే చూశాడు… పౌడరు పెచ్చులు పెచ్చులుగా రాలిపోతోంది. కింద మొహం ఉంది. ముడతలు పడిన, శుభ్రమైన, మామూలు ముసలి మొహం. కనురెప్పలు మూసి ఉన్నాయి. వాసన లేదు. ఆయన గట్టిగా ఊపిరి పీల్చాడు, ఒట్టి నాఫ్తలీన్ తప్ప ఇంకేమీ లేదు. చెయ్యి ముట్టుకున్నాడు. ఇంకా వెచ్చగా ఉంది.

ఫోన్ ఎత్తాడు. పసుప్పచ్చ గడి ఒక్కసారికే ఆవిడ మొహం మీద నిలబడింది.

గుమ్మంలోంచి మేనల్లుడి పెళ్ళాం చూసి, "అయ్యో, ఇంకో ఆర్నెల్లు ఆగలేకపోయారా? కారుకి మొదటి వాయిదా కట్టాం" అంది. మేనల్లుడు డాక్టరు నంబరు వెతుక్కుంటున్నాడు.

సాక్షిగారు ఎడమచేతి మేజోడు కూడా తీసి, ఆవిడ చేతులు రెండూ శాలువా మీద సర్దాడు. సర్దుతూ చూశాడు. పది వేళ్ళకీ పది గోళ్ళున్నాయి.

తర్వాత మెట్ల మీదకి వచ్చి, గోడకి ఆనుకుని, జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. గోరు అక్కడే ఉంది. అంచున నీలం మరక ఉంది.

తన కుడిచేతి చూపుడువేలు ఎత్తి చూసుకున్నాడు. గోరు లేదు. నెత్తురు లేదు. నొప్పి కూడా లేదు.

ఆ తర్వాత అన్నీ ఆయన అనుకున్నట్టే జరిగాయి. డాక్టరు గుండె ఆగిందని రాశాడు. కొత్త మేనేజరు, ఆఖరి ఘడియలో క్లయింటు పక్కనే ఉన్న ఉద్యోగి అని అందరి ముందూ పొగిడాడు. మేనల్లుడు కిక్కురుమనకుండా ఇల్లు ఖాళీ చేశాడు. బడి వాళ్ళు వచ్చి షట్టరు పూర్తిగా ఎత్తారు. పిల్లలు ఖాళీ ఫ్రేముల్ని తడిమి తడిమి చూసి నవ్వుకున్నారట. సాక్షిగారిని పిలిచారు కానీ ఆయన వెళ్ళలేదు. చూపు లేనివాళ్ళు మనిషిని వాసన పట్టి గుర్తుపడతారని ఎక్కడో విన్నాడు.

చేతికి కట్టు కట్టుకుని తలుపులో వేలు పడిందని చెప్పాడు. ఆకలి తగ్గింది. వయసు కదా అన్నారు. టీ వేడి తెలియడం మానేసింది. సెంటు రాసుకోవడం మొదలుపెట్టాడు, రిటైరయ్యే ముందు సరదా పుట్టిందని ఆఫీసులో ఏడిపించారు. వీడ్కోలు సభలో దండ వేస్తే మెడ మీద ఏమైనా ఊడుతుందేమోనని ఒంగకుండా నిటారుగా నిలబడ్డాడు. అందరూ దాన్ని దర్జా అనుకున్నారు. రాత్రిళ్ళు పడుకుని ఊపిరి బిగపట్టి చూసుకునేవాడు, ఎంతసేపు ఉండగలనా అని. విసుగొచ్చేదాకా ఉండగలిగేవాడు.

ఫ్లాటు అప్పు తీరింది. సామాన్లు మార్చారు. అక్కడికి కొన్ని వారాలకి పెన్షను ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. డబ్బు మొదలవ్వాలంటే మనిషి స్వయంగా వెళ్ళి కనిపించాలి. ఏటా అంతే.

కౌంటరులో ఉన్నమ్మాయి కంప్యూటరు మీంచి తల ఎత్తలేదు. ఆధారాలు తీసుకుని, చిన్న కెమెరా ఆయన వైపు తిప్పింది. తెర ఆయనకి కూడా కనబడుతోంది. పసుప్పచ్చ గడి వచ్చింది. వెనక గోడ మీద ఆగింది. పక్కనున్న కుర్చీ మీద ఆగింది. ఆయన మొహం మీదుగా రెండుసార్లు పోయింది.

"లైటు సరిగ్గా లేదండీ ఇక్కడ" అంది ఆ అమ్మాయి, విసుగ్గా. "పర్లేదు, నేను చూశాగా."

సంతకం పెట్టేసి ముద్ర గుద్దింది. చెయ్యి పట్టుకుంటుందేమోనని ఆయన రెండు చేతులూ జేబుల్లోనే ఉంచుకున్నాడు. పట్టుకోలేదు. 'కనీసం ఒక్కసారి చూడమ్మా' అని అడగాలని నోటిదాకా వచ్చింది. రసీదు తీసుకుని, థాంక్యూ చెప్పి వచ్చేశాడు.

కొత్త ఫ్లాటులో లిఫ్టు ఉంది. ఇంటి తలుపు తెరిచే ఉంది. భార్య వంటింట్లో ఏదో పని చేసుకుంటోంది.

"సంతకం అయిందా?" అంది అక్కడి నుంచే.

"అయింది."

"ఇంకో ఏడాదికి ఫరవాలేదన్నమాట" అంది ఆవిడ.

కళ్ళద్దాలమ్మ గదిలో ఏం జరిగిందో ఆయన భార్యకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పులు విడిచి హాల్లోకి వచ్చి ఆగిపోయాడు. టీవీ ఎదురుగా ఉండే తన కుర్చీని ఎవరో కిటికీ వైపు తిప్పి పెట్టారు. కర్టెన్ వేసి ఉంది. కుర్చీ చేతి మీద ఉన్ని మేజోళ్ళ జత ఒకటి మడత పెట్టి ఉంది. పక్కన గూట్లో కొత్త పౌడరు డబ్బా.

ఆ ఇంట్లో పౌడరు రాసుకునే అలవాటు ఎవరికీ లేదు.